ఫ్యాను రెక్క మీద దుమ్ము

2047 మార్చి 14, గురువారం. విశాఖపట్నంలో తెల్లవారగట్ల సముద్రం మీంచి వచ్చిన మంచు ఎనిమిదింటికి విడిపోయింది. తరవాత గాలి స్తంభించింది. ఎండా కాదు, మబ్బూ కాదు. ఆకాశం నీళ్ళపాలలా తెల్లగా ఉండిపోయింది. పదయ్యేసరికి ఉక్కకి చొక్కాలు వీపులకి అంటుకున్నాయి. ఉగాది ఇంకా రెండు వారాలు కూడా లేదు.

ఉదయాద్రి రెసిడెన్సీ ఏడో అంతస్తులో ఒక ఫ్లాటు ముందుగదిలో డాక్టర్ గొర్లె భానోజీ స్టూలెక్కి, ఆపిన ఫ్యాను రెక్క పైభాగానికి ధూళిదర్శిని ముక్కు ఆనించి పట్టుకున్నాడు. ధూళిదర్శిని టార్చిలైటంత యంత్రం. ముందు సన్నటి గొట్టం, వెనక చిన్న తెర. గొట్టం దుమ్ము పీల్చుకుంటుంది, లోపలి చిప్పు దాన్ని చదువుతుంది, చదివింది తెర చెబుతుంది.

తెర మీద ‘మానవ ధూళి లేదు’ అని వచ్చింది.

రెండో రెక్క మీదా అంతే, మూడో రెక్క మీదా అంతే. ఆయన దిగి తలుపు చట్రాల పైన, స్విచ్చిబోర్డు వెనక, ఫ్రిజ్జు కింద, కిటికీ రెయిలింగు సందుల్లో చదివాడు. పూజగదిలో పటాల వెనక చదివాడు. చివరికి యంత్రం తన తీర్పు తాను రాసుకుంది: ‘ఈ ఇంట్లో ఎవరూ నివసించలేదు.’

ఆ ఇంట్లో ఇరవై ఆరేళ్ళు నివసించిన మనిషి ఆయన వెనకే కాఫీ గ్లాసుతో నిలబడి ఉంది.

“చల్లారిపోతోంది బాబూ, తీసుకోండి” అంది.

ఆవిడ పేరు మజ్జి నూకరత్నం. అరవై దాటింది. అదే బిల్డింగు కింద చిన్న గదిలో జాకెట్లు కుడుతుంది. ఫ్లాటు దువ్వూరి సుభాషిణి గారిది. ఆవిడ హైస్కూల్లో లెక్కల టీచరుగా చేసి రిటైరైంది, పెళ్ళి చేసుకోలేదు. భర్త పోయిన కొత్తలో నూకరత్నం ఒక గది అద్దెకి అడిగి వచ్చింది. రెండో ఏడు నుంచి అద్దె మాట ఎవరూ ఎత్తలేదు. వంట నూకరత్నం చేసేది. పేపరు టీచరుగారు పైకి చదివేది. ఒకళ్ళకి జ్వరం వస్తే రెండోవాళ్ళు మేలుకునేవారు. ఇలా కలిసి బతికిన ఇద్దరిని ఏమనాలో చుట్టరికాల్లో పేరు లేదు, చట్టంలో అంతకన్నా లేదు. బిల్డింగు వాళ్ళు ‘టీచరుగారూ, వాళ్ళ రత్నం’ అనేవాళ్ళు. దానితో పని జరిగిపోయేది.

ఫిబ్రవరి నెలాఖరులో టీచరుగారు పోయింది.

ఇక్కడ కాస్త ఆగి దుమ్ము గురించి చెప్పాలి. ఇళ్ళలో పేరుకునే దుమ్ము రోడ్డు మీంచి వస్తుందని అందరూ అనుకుంటారు. కొంత వస్తుంది. కానీ చాలా భాగం మనిషి ఒంటిదే. మనం కూర్చున్నా పడుకున్నా చర్మం కంటికి కనిపించని పొట్టుగా రాలుతూనే ఉంటుంది. ఆ పొట్టులో ప్రతి రేణువులోనూ మన డీఎన్ఏ ఉంటుంది. పాతకాలం కాలేజీల్లో మైక్రోస్కోపు కింద ఉల్లిపొర చూపించి వదిలేసేవాళ్ళు గాని, దాని పక్కన గది మూల దుమ్ము పెట్టి ఉంటే పిల్లలకి ఇంకా బాగా తెలిసేది. అది ఫ్యాను రెక్కల మీదికి చేరి, వంటింటి నూనె ఆవిరితో కలిసి పొరలు పొరలుగా అతుక్కుంటుంది. ఎవరు ఎన్నాళ్ళు ఆ ఫ్యాను కింద నిద్రపోయారో ఆ పొరలు చెప్పగలవు.

భానోజీ ఈ యంత్రాన్ని వారసత్వాల కోసం కనిపెట్టలేదు. ఆయన చెల్లెలి కూతురు ఉబ్బసంతో చిన్నప్పుడే పోయింది. ఏ ఇంట్లో ఏ దుమ్ము పిల్లల ఊపిరి తీస్తోందో చదివి ముందుగా చెబుదామని పదేళ్ళు కష్టపడ్డాడు. యంత్రం తయారయ్యాక ఆస్పత్రులు ఆలోచిస్తామన్నాయి, బిల్డింగుల మేనేజ్‌మెంటు కంపెనీలు మాత్రం ఆలోచించకుండా కొన్నాయి. ఏ ఫ్లాట్లో చెప్పకుండా అదనపు మనుషుల్ని పెట్టుకున్నారో పట్టుకోవడానికి వాళ్ళకి అది బాగా పనికొచ్చింది.

ఆ తరవాత కోర్టులు అందుకున్నాయి. అప్పటికి ఏ సంతకాన్నయినా, ఏ గొంతునయినా, ఏ వీడియోనయినా ఇంట్లో కూర్చుని యంత్రాలతో తయారుచేసుకునే రోజులు వచ్చేశాయి. చనిపోయినవాళ్ళు వీడియోల్లో కూర్చుని తమ ఆస్తి ఫలానా వాళ్ళకని నవ్వుతూ చెప్పేవాళ్ళు; మర్నాడు ఇంకో వీడియోలో ఇంకొకళ్ళ పేరు చెప్పేవాళ్ళు. జడ్జీలకి విసుగెత్తింది. నకలు చెయ్యలేనిది దుమ్మొక్కటే మిగిలింది. దాంతో నివాస ధూళి చట్టం వచ్చింది. చనిపోయిన యజమాని దుమ్ము తీసేశాక ఇంట్లో ఎవరి దుమ్ము ఎక్కువ ఉంటే ఇల్లు వాళ్ళది. యజమాని పోయిన రోజు తరవాత పడ్డది లెక్కలోకి రాదు. కొత్త దుమ్ముకి ఇంకా తడి ఆరదు గనక యంత్రం దాన్ని గుర్తుపట్టి వదిలేస్తుంది. టీచరుగారు నూకరత్నం పేర వీలునామా రాసింది, తన చేత్తో, గుండ్రటి అక్షరాలతో. దాన్ని కోర్టు చూడను కూడా లేదు.

చట్టం రాసినవాళ్ళు ఒక సంగతి నమ్ముకున్నారు: ఎంత దులిపినా ఏ ఇల్లూ పూర్తిగా శుభ్రం కాదు. వాళ్ళెవరూ ఉదయాద్రి ఏడో అంతస్తుకి రాలేదు.

నిన్న వచ్చిన కోర్టు ఉద్యోగి ఇల్లంతా చదివి, యంత్రం చెడిపోయిందని రాసిచ్చి వెళ్ళిపోయాడు. అందుకే ఇవాళ దాన్ని కనిపెట్టిన మనిషే వచ్చాడు. సోఫాలో ఒక చివర దువ్వూరి శశాంక్ కూర్చున్నాడు. టీచరుగారి అన్నగారి కొడుకు, నలభై ఏళ్ళవాడు, విజయనగరంలో ఉద్యోగం. రక్తసంబంధీకుడు గనక కోర్టు వాళ్ళే పిలిచారు. అతనికి ఆ ఇంట్లో బాత్‌రూము ఎటుందో కూడా నూకరత్నమే చూపించింది.

భానోజీ గ్లాసు అందుకుని యంత్రాన్ని తన చొక్కా మీద పెట్టి చూసుకున్నాడు. అది ఆయన పేరు చెప్పి, కొత్త దుమ్ము, లెక్కలోకి రాదంది. యంత్రం బాగానే ఉంది.

“అమ్మా, మీకు ముందుగా ఎవరూ చెప్పలేదా, ఇల్లు ముట్టుకోవద్దని?”

“చెప్పారు. అప్పలస్వామి రెండుసార్లు చెప్పాడు.”

సిమ్మ అప్పలస్వామి బిల్డింగు సూపర్‌వైజరు. గుమ్మం దగ్గర నిలబడ్డాడు. “ఏటి చెప్పమంటారు సార్” అన్నాడు. “చీపురు ముట్టకమ్మా, ఇల్లు నీదైపోద్ది అన్నాను. తలూపింది. పదకొండో రోజు చూస్తే బాల్కనీలో కర్టెన్లు ఆరేసున్నాయి.”

భానోజీ ఆవిడని మళ్ళీ అడిగాడు, ఎందుకు కడిగారని. నూకరత్నం కొంగుతో టీపాయ్ అంచు తుడుస్తూ చెప్పింది, ఉన్నదున్నట్టు, ఎవరి మీదా నేరం మోపకుండా.

కర్మంతా ఊళ్ళో అద్దె హాల్లో చేశారు. శశాంక్ బాబు శ్రద్ధగానే చేశాడు. ఆవిడ హాలు బయట చెప్పుల దగ్గర నిలబడి చూసింది. పదకొండో రోజున చావు జరిగిన ఇంటిని కడగాలి. ఎవరైనా వస్తారని పొద్దున్నుంచి చూసింది. వాళ్ళు హాల్లోనే పుణ్యాహవచనం చేయించుకుని, భోజనాలు చేసి అట్నుంచి అటే వెళ్ళిపోయారు. ఇల్లు మైలతో ఉండిపోయింది. టీచరుగారి ఇల్లు.

టీచరుగారి శుభ్రం సంగతి తెలిస్తే గాని ఇది అర్థం కాదు. ప్రతి ఏడూ ఉగాదికి ముందు ఆవిడా రత్నం కలిసి ఇల్లు తిరగేసేవాళ్ళు. బూజుకర్ర, సోడా నీళ్ళు, పాత చీర ముక్కలు. సీలింగు ఫ్యాను కిందినుంచి చూస్తే ఎప్పుడూ శుభ్రంగానే కనబడుతుంది. దాని పైభాగం తుడవాలంటే ఒకళ్ళు స్టూలెక్కాలి, ఒకళ్ళు స్టూలు పట్టుకోవాలి. ఒంటరిగా ఉండేవాళ్ళ ఇళ్ళలో ఫ్యాన్లు నల్లగా ఉండటానికి బద్ధకం కారణం కాదు. రత్నం ఎక్కేది, టీచరుగారు పట్టుకునేది. పట్టుకుని కింది నుంచి, ఆ చివర వదిలేశావు, ఈ చివర మళ్ళీ తుడువు అని పరీక్షపేపరు దిద్దినట్టు చెప్పేది.

మంచం పట్టాక కూడా ఆవిడ కళ్ళు గది మూలలకే పోయేవి. ఆఖరి రోజు మాట సరిగ్గా రావడం లేదు. రత్నం చెవి దగ్గరగా పెట్టింది. టీచరుగారు పైకి చూసి, “రత్నం, ఆ బూజు చూడు” అంది. ఇంకేమీ అనలేదు.

“ఇంట్లోకి కోర్టువాళ్ళు వస్తారు, సైంటిస్టుగారు వస్తారు అన్నారు” అంది నూకరత్నం. “ఆవిడ ఇల్లు అలా ఎలా చూపించను బాబూ?”

“అంటే మీకు తెలిసే కడిగారు.”

“తెలుసు. కానీ ఇరవై ఆరేళ్ళు ఒక్క చీపురుకి పోతాయనుకోలేదు.”

భానోజీ గ్లాసు కింద పెట్టాడు. “ఫ్యాన్లు తుడిచేటప్పుడు స్టూలు ఎవరు పట్టుకున్నారు?” అని అడిగాడు. కోర్టుకి అవసరమైన ప్రశ్న కాదది.

“ఎవరున్నారు. గోడ పట్టుకున్నాను” అంది ఆవిడ.

ఆయన చెడ్డవాడు కాదు. ఆ పూట తనకి చేతనైన దారులన్నీ వెతికాడు. మొదట టీచరుగారి పరుపు అడిగాడు. నెలల తరబడి రత్నం దాని మీదే కూర్చుని టీచరుగారికి అన్నం తినిపించింది, నడుము పట్టింది. ఆ పరుపు ఒక్కటి చాలు కేసు తేల్చడానికి. పోయిన మనిషి పక్క ఇంట్లో ఉంచుకోకూడదు గనక పదకొండో రోజునే కిందికి పంపేసిందట. అప్పలస్వామి ఫోనులో కనుక్కున్నాడు. చెత్త లారీ దాన్ని కాల్చే ప్లాంటుకి తీసుకుపోయింది, అక్కడ కాలిపోయింది కూడా.

తరవాత భానోజీకి డక్టు గుర్తొచ్చింది. ఈ కాలపు బిల్డింగుల్లో ప్రతి ఫ్లాటు గాలీ ఒక గొట్టం గుండా కిందికి వెళ్ళి ఫిల్టరయి తిరిగి వస్తుంది. ఏడో అంతస్తు గొట్టంలో ఆ ఇంటి దుమ్ము ఏళ్ళ తరబడిది తప్పకుండా ఉండాలి. అంతసేపటికి మొదటిసారి ఆయన మొహం విప్పారింది. ఆ సంగతి చెబితే నూకరత్నం కూడా కొంగు వదిలేసి లేచి నిలబడింది. నలుగురూ లిఫ్టులో కిందికి దిగారు. శశాంక్ కూడా దొరికితే బాగుండుననే ఉన్నాడని అతని చూపు చెబుతోంది.

అప్పలస్వామి డక్టు గది తాళం తీసి దీపం వేశాడు. గొట్టాలన్నీ కొత్త స్టీలు గిన్నెల్లా మెరుస్తున్నాయి.

“మొన్న సోమవారమే అయ్యింది సార్, సంవత్సరం క్లీనింగు” అన్నాడు. “ట్యాంకులు, లిఫ్టు గుంట, బయట గోడలు, డక్టులు. పాపం ఈసారి కుర్రాళ్ళు చాలా బాగా చేశారు.”

ఉగాదికి ముందే డక్టులు కడిగించి తీరాలని అసోసియేషన్లో తీర్మానం పెట్టించింది ఎవరో అతను చెప్పలేదు. చెప్పక్కర్లేదు. సెక్రటరీగా ఉన్న రోజుల్లో టీచరుగారే పట్టుబట్టి పెట్టించింది. ఆ గది తలుపు మీద ఆవిడ సంతకంతో ఆ నిబంధన ఇప్పటికీ అతికించి ఉంది. నూకరత్నం దాని దగ్గరికి వెళ్ళి చూసింది. ఆవిడకి అక్షరాలు నేర్పింది కూడా టీచరుగారే గనక, చదువుకుని వెనక్కి వచ్చింది.

పైకి వచ్చాక భానోజీ వంటింటి అటక తలుపు చూశాడు. “ఇది తెరవలేదే?” అన్నాడు.

“అది మాది కాదు బాబూ” అంది నూకరత్నం. “శశాంక్ బాబు సామాన్లు. వాడొచ్చి చూసుకుంటాడు, నువ్వు ముట్టకు అనేది టీచరుగారు. నేనెప్పుడూ ముట్టలేదు.”

తలుపు తీస్తే సామానంటూ పెద్దగా ఏమీ లేదు. ఒక విరిగిన సైకిలు, రెండు ట్రంకుపెట్టెలు, చుట్టి కట్టిన బూరుగుదూది పరుపు. శశాంక్ చిన్నప్పుడు విజయనగరంలో దాని మీద పడుకునేవాడు. స్ప్రింగు పరుపు కొనుక్కున్నాక వాళ్ళమ్మ పాతదాన్ని ఇక్కడికి పంపేసింది. బూరుగుదూది ఎలా పారేస్తామని టీచరుగారు అటకెక్కించింది. దాని కుట్లు ఎప్పుడో విడిపోయాయి. లోపలి దుమ్ము ఏళ్ళ తరబడి జారి అటక నాపరాయి మీద దళసరిగా పరుచుకుంది.

భానోజీ యంత్రం ముక్కు ఆ రాయి మీద ఆనించాడు. అది ఆ రోజు మొదటిసారి సంతోషంగా మోగింది.

“దొరికిందా బాబూ?” అంది నూకరత్నం కింద స్టూలు పట్టుకుని.

తెర మీద శశాంక్ పేరు వచ్చింది. అతని పద్నాలుగేళ్ళ నిద్ర వచ్చింది. ‘ప్రధాన నివాసి’ అని వచ్చింది.

భానోజీ స్టూలు మీదే నిలబడిపోయాడు. ఆ దుమ్ము ఈ ఇంటిది కాదని ఆయనకి తెలుసు, అందరికీ తెలుసు. పరుపులోంచి తీసింది కాదు, ఇంటి రాయి మీంచి తీసింది. చట్టం ప్రకారం ఇంటి రాయి మీద ఉన్నది ఇంటి దుమ్ము. చదివింది అప్పటికే కోర్టుకి వెళ్ళిపోయింది. చదివే ఉద్యోగి లంచం తిని మార్చకుండా ఉండాలని, ఒకసారి చదివింది ఎవరూ, తాను కూడా, మార్చలేనట్టు యంత్రాన్ని తయారుచేసింది ఆయనే. ఆ విషయం మీద ఆయన అనేక సభల్లో మాట్లాడాడు.

“నేను సాక్ష్యం చెబుతాను” అన్నాడు దిగుతూ.

“మనుషుల సాక్ష్యం తీసుకోవట్లేదు కద సార్” అన్నాడు అప్పలస్వామి మెల్లిగా.

శశాంక్ చాలాసేపు ఫోను తిరగేస్తూ కూర్చుని లేచి, ఇల్లు నూకరత్నానికే రాసిచ్చేస్తానన్నాడు. అతనూ చెడ్డవాడు కాదు, ఈ కథలో చిక్కే అది. ఎవర్నయినా తిట్టుకుని ఊరుకుందామంటే మనిషి దొరకడు. ఇంకొకళ్ళ పేరు మీదికి ఇప్పుడే రాసివ్వడం కుదరదని, ధూళి హక్కుతో వచ్చిన ఇల్లు ఏడేళ్ళు చేతులు మారకూడదని భానోజీ చెప్పాడు. సరే, రాసివ్వద్దు, ఆవిడ ఎప్పటిలాగే ఉండిపోవచ్చు, తనకేమీ అభ్యంతరం లేదని శశాంక్ అన్నాడు. ఆ మాట అతను మనస్ఫూర్తిగానే అన్నాడు. నూకరత్నం వంటింట్లోకి వెళ్ళి బియ్యం కడగడం మొదలుపెట్టింది, అందరూ భోంచేసి వెళ్ళాలని.

ఆ బియ్యం ఉడికేలోపల అతని భార్య ఫోను చేసింది. అతను బాల్కనీలోకి వెళ్ళి మాట్లాడి వచ్చాడు. వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. ఆవిడని అంతకుముందెప్పుడూ ఏమని పిలవాల్సిన అవసరం రాలేదు అతనికి.

“పిన్నీ, ఏమనుకోకండి” అన్నాడు. “మీరు ఉంటే దుమ్ము పడుతుంది కదండీ.”

తనకి రేపేమైనా అయితే ఇల్లు పిల్లలకి రాకుండా పోతుందని అతని భయం. చట్టం చూస్తే అది న్యాయమైన భయమే.

నూకరత్నం అన్నం వార్చింది, పచ్చడి తీసింది, ముగ్గురికీ వడ్డించింది. అప్పలస్వామి తినలేక లేచిపోయాడు. తరవాత ఆవిడ గిన్నెలు తోమి, గట్టు తుడిచి, నేల మీద తడిగుడ్డ పెట్టింది. వంటింట్లోంచి మొదలుపెట్టి, వెనక్కి వెనక్కి నడుస్తూ, తన అడుగులు తానే తుడుచుకుంటూ గుమ్మం దాకా వచ్చింది. గుడ్డ పిండి గుమ్మం బయట ఆరేసి, చెప్పులు వేసుకుంది.

ఆ తీర్పు పేపర్లో పడ్డాక ఊరు మారిపోయింది. ఇళ్ళు దులపడం జనం మానేశారు. ఆ ఉగాదికి బూజుకర్రలు అమ్మేవాళ్ళు సాయంత్రం దాకా వీధుల్లో తిరిగి, వచ్చిన బరువుతోనే ఇంటికి వెళ్ళారు. బిల్డింగులు సంవత్సరం క్లీనింగు కాంట్రాక్టులు రద్దు చేసుకున్నాయి. మేనమామ ఇంటికి వెళ్ళినవాళ్ళు తిరిగి వచ్చేటప్పుడు తాము కప్పుకున్న దుప్పటి ఆ ఇంట్లోనే దులిపి వస్తున్నారు. అది చూసి మేనమామలు చుట్టాల్ని రాత్రికి ఉంచుకోవడం మానేశారు, హోటల్లో దిగమంటున్నారు. పిల్లల వార్డుల్లో ఉబ్బసం మంచాలు చాలడం లేదని డాక్టర్లు చెబుతున్నారు. ఏ ఇంటి దుమ్ము పిల్లల ఊపిరి తీస్తోందో చదవగల యంత్రం ఊళ్ళో ఉంది గాని, అది ఇప్పుడు కోర్టు పని నుంచి తెమలడం లేదు.

ఇక ఎవరికి ఏం వచ్చింది అన్నది. ఫ్లాటు శశాంక్‌కి వచ్చింది. అతను తాళం వేసి ఉంచాడు, ఎవరి దుమ్మూ పడకుండా. బూరుగుదూది పరుపుని మొదటి రోజే పారేయించాడు. టీచరుగారి పుస్తకాలు అసోసియేషను లైబ్రరీకి వెళ్ళాయి. బాల్కనీలో తులసికుండీ ఎదురింటివాళ్ళు తీసుకున్నారు. కుక్కరు, మిక్సీ శశాంక్ భార్యకి. ముందుగది ఫ్యాను తళతళలాడుతోందని అప్పలస్వామి అడిగి పుచ్చుకున్నాడు. భానోజీకి ఆ ఏడు న్యాయశాఖ వాళ్ళు శాలువా, సన్మానపత్రం ఇచ్చారు. ఆయన వెళ్ళలేదు, పోస్టులో వచ్చాయి. బిల్డింగులో నివాసం లేనివాళ్ళకి కింద గదులివ్వకూడదని నియమం ఉంది గనక, జాకెట్లు కుట్టే గది అసోసియేషనుకి వచ్చింది. కుట్టుమిషను టీచరుగారు కొనిచ్చింది కాబట్టి ఇంటి సామాను కింద రాసుకున్నారు. బూజుకర్ర, చీపురు కూడా అందులోకే వెళ్ళాయి.

నూకరత్నానికి ఏమీ రాలేదు.